విడిపించిన రోజు, వదిలిన రోజు

నందికొండ పైలాన్ కాలనీలో ఉండే మారయ్యకు నీటికుక్క అంటే గిట్టదు. ముప్పై ఏళ్లుగా సాగర్ జలాశయంలో గుండ్రటి పుట్టి పడవ వేసుకుని చేపలు పడుతున్న మనిషి. వలలో పడిన చేపను సగం కొరికి, వలను చింపి పోయే ఆ జంతువు పేరెత్తితేనే అతనికి ఒళ్లు మండేది.

అలాంటి మారయ్య ఒక ఫిబ్రవరి పొద్దున వల లాగుతుంటే అందులో నీటికుక్క చిక్కుకుని ఉంది. ఇంకా పూర్తిగా ఎదగనిది. ముందుకాలికి దారం చుట్టుకుని ఎముక దాకా కోసింది. అది ఈలలా సన్నగా అరుస్తూ గుంజుకుంటోంది. గుంజుకున్నకొద్దీ దారం బిగుస్తోంది. మారయ్య ఒక్క క్షణం చూశాడు. వారం కిందట కొన్న వల అది. మొలలో కత్తి తీసి, దాని కాలి చుట్టూ వలను మూరెడు మేర కోసేశాడు. అది కృతజ్ఞత కింద అతని బొటనవేలు కొరికింది.

నీళ్లలోకి జారవిడిస్తే ఈదలేక ఒక పక్కకు ఒరిగిపోయింది. ఇక చేసేదేం లేక గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

"వల చింపెటోన్ని ఇంటికి చుట్టం లెక్క తోల్కొచ్చినవా?" అంది అతని భార్య శ్యామలమ్మ.

"కాలు జర నయమైతె వదిలేస్త."

"నీ వేలికి నెత్తురు కారుతాంది. ముందు గది చూడు."

గొణుగుతూనే ఆమె పసుపు నూరింది. పశువుల దవాఖానలో పనిచేసే మేనల్లుణ్ని అడిగి పుండుకు రాసే మందు తెప్పించింది. రేకుల తానాల అర్రలో నీళ్ల టబ్బు పెట్టి దాన్ని అందులో ఉంచారు. ఎనిమిది రోజుల పాటు మొగుడూ పెళ్లామూ పెరట్లో చీర అడ్డం కట్టుకుని స్నానాలు చేశారు. ఆ జంతువు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి జెల్ల చేపలు తినేది. జెల్లలు లేనిరోజు సబ్బుపెట్టె పగలగొట్టింది. నాలుగోరోజుకు మారయ్య చేతిలోంచే తినడం మొదలుపెట్టింది. శ్యామలమ్మ పొరుగింటికి వెళ్లి, "మాకు చారు, దానికి చేపలు" అని చెప్పుకుని నవ్వింది.

ఆ పొరుగిల్లు బాబా మియాది. డ్యామ్ గేట్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. కూతురు నౌరీన్ హిల్ కాలనీలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. తొమ్మిదో రోజు పొద్దున మారయ్య నీటికుక్కను తీసుకుని రేవుకు పోతుంటే నౌరీన్ కూడా వెంట వెళ్లింది. అది నీళ్లలో దిగి, రెండు మునకలు వేసి, బండరాళ్ల అవతలికి పోయేదాకా ఫోన్‌లో వీడియో తీసింది. కింద ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మా మారయ్య కాక ఈరోజు ఒక నీటికుక్కను 'రిలీజ్' చేశాడు అని.

మూడు రోజుల్లో ఆ వీడియో చేతులు మారి మారి అటవీ శాఖ ఆఫీసుకు చేరింది. అక్కడి నుంచి మారయ్యకు ఫోన్ వచ్చింది.

"రిలీజ్ చేసిన అంటె, అంతకుముందు పట్టి ఉంచినట్టే గదా?" అన్నాడు అవతలి మనిషి. "నీటికుక్కను ఇంట్ల పెట్టుకునుడు చట్టం ప్రకారం నేరం. ఏం జరిగిందో కాగితం మీద రాసి సోమవారం తీసుకురా. పై ఆఫీసుకు పంపాలె, ఇంగ్లీషుల ఉంటె మంచిది."

మారయ్య ఫోన్ పెట్టేసి బాబా మియా ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. సంగతి విని నౌరీన్ ముఖం పాలిపోయింది.

"నా మాట వల్లనే అయింది కాకా. ఆ ఒక్క మాట మార్చి రాస్త, అంతా సర్దుకుంటది."

ఆదివారం నలుగురూ అరుగు మీద కూర్చున్నారు. నౌరీన్ ఒళ్లో నోటుపుస్తకం ఉంది.

"రిలీజ్ అంటె మా డ్యామ్ మాట" అన్నాడు బాబా మియా. "రోజూ రిజిస్టర్ల రాసెటోన్ని. గేట్లు మూసి నీళ్లు ఆపుతం, ఆర్డర్ వస్తె ఎత్తుతం. ముందుగాల మనం ఆపినం కాబట్టే తర్వాత రిలీజ్. ఆ సార్ అన్నది తప్పు కాదు బిడ్డా."

"మరి ఫ్రీ చేసిన అని రాస్తె?" అంది నౌరీన్.

"ఫ్రీ అంటె మా ఆడోళ్ల బస్సు లెక్క టికెట్ లేకుండనా?" అంది శ్యామలమ్మ.

"గది కాదు చిన్నమ్మా. కట్టుంటె కట్టు తెంపుడు. చిక్కుంటె చిక్కు తీసుడు. కట్టింది మనమే కావాల్నని లేదు."

"నాకు దవాఖానల కాలు బాగైనంక డిశ్చార్జ్ అని రాసిచ్చిన్రు. దీనికీ కాలు బాగైనంకనే పంపినం. గా మాట రాయి."

"దానికి డాక్టర్ ఉండాలె చిన్నమ్మా."

"పసుపు పెట్టింది నేను. డాక్టర్‌ను నేనే."

బాబా మియా నవ్వాడు. "మా డ్యామ్ మీద డిశ్చార్జ్ అంటె లక్షల క్యూసెక్కులు శ్యామలమ్మా. నీ నీటికుక్క కొట్టుకపోతది."

నౌరీన్ కూడా నవ్వి, లిబరేట్ అని ఇంకో మాట చెప్పింది. అది దేశాలకూ, బానిసత్వంలో ఉన్న జాతులకూ వాడతారని వివరించింది.

"ఇది ఒక్కటే నీటికుక్క గదా" అన్నాడు మారయ్య సందేహంగా.

చివరికి నౌరీన్ ఫ్రీ అన్న మాటే ఖాయం చేసి, నాలుగు వాక్యాల్లో రాసి తెలుగులో చదివి వినిపించింది. చేపలు పట్టబోతే వలలో నీటికుక్క చిక్కింది, వల కోసి దాన్ని విడిపించాను, అంతే. చదవడం అయ్యాక తనకు తానే తృప్తిగా తల ఊపింది. ఇందులో నేరం ఎక్కడా లేదు.

మారయ్య వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఏంది కాకా? బాగ లేదా?"

"బాగనే ఉంది బిడ్డా. ఎనిమిది దినాలు యాడికి పోయినయ్?"

"అవి రాస్తేనే కదా కేసు అయ్యేది."

"అయితె అయితది. తానాల అర్రల ఎనిమిది దినాలు ఉన్నది అది. నా చేతిల తిన్నది. గది లేకుండ రాస్తె, నేను దాన్ని ఎన్నడు చూడనట్టే ఉంటది."

శ్యామలమ్మ మొగుడి వైపు చూసింది. ఇంట్లో ఏ విషయానికైనా అడ్డు చెప్పే మనిషి, ఈసారి "అట్లనే రాయి బిడ్డా" అంది.

నౌరీన్ కాగితం చింపి మళ్లీ మొదలుపెట్టింది. ఫలానా తేదీన వల నుంచి విడిపించాను అన్నచోట ఫ్రీ అని రాసింది. ఎనిమిది రోజుల సంగతి, పసుపు, మందు, సబ్బుపెట్టెతో సహా రాసింది. చివరి రోజు దగ్గర ఆగింది. రిలీజ్ అని రాయబోయి మారయ్యను అడిగింది. "ఆ పొద్దున నువ్వేం చేసినవ్ కాకా? నీ మాటల్ల చెప్పు."

"వదిలేసిన" అన్నాడు మారయ్య.

ఆమె 'లెట్ గో' అని రాసింది.

సోమవారం నౌరీన్ బడికి సెలవు పెట్టి మారయ్యతో వెళ్లింది. రేంజ్ ఆఫీసరు పేరు విజేందర్. నలభై ఏళ్లుంటాయి. కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు పైకి జరిపాడు.

"టీచర్, ఒక చోట ఫ్రీ అన్నారు, ఒక చోట లెట్ గో అన్నారు. రెండూ ఒకటే కాదా?"

నౌరీన్ నోరు తెరిచేలోపు మారయ్య అందుకున్నాడు.

"కాదు సార్. మొదటి దినం అది పోవాలని గుంజుకుంటుండె, నేను దారం కోసిన. అండ్ల నాకు కష్టం ఏం లేదు, నా వల తప్ప. తొమ్మిదో దినం సంగతి వేరె. అది పోతనని అంటలేదు. రేవుల దింపితె నా చెయ్యి వాసన చూసుకుంట నిలవడ్డది. చెయ్యి తీసుకునుడు నా పని అయింది. గంతే సార్, విడిపించినప్పుడు దాని కష్టం పోయింది. వదిలినప్పుడు నాకు కష్టమైంది."

విజేందర్ కాగితాన్ని ఫైల్లో పెట్టాడు. తర్వాత బల్ల సొరుగులోంచి ఒక చీటీ తీసి దాని మీద తన ఫోన్ నంబరు రాసిచ్చాడు.

"చేసింది తప్పే మారయ్యా. మొదటి దినమే మాకు ఫోన్ చెయ్యాలె, మా దగ్గర డాక్టర్ ఉంటడు. ఈసారికి హెచ్చరిక అని రాసి పంపుత. ఎనిమిది దినాలు నువ్వే రాసినవ్ కాబట్టి పై సార్లకు కూడ నమ్మకం కుదురుతది. దాచి ఉంటె మాత్రం నేను నీ ఇంటికి రావాల్సి వస్తుండె."

నౌరీన్ చెవులు ఎర్రబడ్డాయి. చింపిన కాగితం ఆమె సంచిలోనే ఉంది.

"ఇంకొక పని ఉంది" అన్నాడు విజేందర్. "మీ మత్స్యకారుల సంఘం మీటింగుల ఈ సంగతి నువ్వే చెప్పాలె. నేను చెప్తె వాళ్లు వినరు."

ఆ నెలాఖరున సంఘం షెడ్డులో మీటింగు జరిగింది. ముప్పై మంది ముందు నిలబడగానే మారయ్య భార్య వైపు చూశాడు. వెనక కూర్చున్న శ్యామలమ్మ కొంగు బిగించి లేచి వచ్చింది. వలను ఎక్కడ కోయాలో, వేలు ఎక్కడ పెట్టకూడదో మొగుడి చెయ్యి ఎత్తి మచ్చ చూపిస్తూ చెప్పింది. తానాల అర్ర కథకు అందరూ పడీపడీ నవ్వారు. ఆఫీసరు ఫోన్ నంబరు మాత్రం ఎవరికి వాళ్లు అడిగి రాసుకున్నారు.

మే నెలలో ఒక పొద్దున ఎల్లేష్ అనే పడుచు జాలరి మారయ్యకు ఫోన్ చేశాడు. అతని వలలో తట్టంత తాబేలు పడింది. మారయ్య పుట్టి వేసుకుని వెళ్లేసరికి ఎల్లేష్ అప్పటికే విజేందర్‌తో మాట్లాడుతున్నాడు. దెబ్బలేం లేకుంటే అక్కడే వదిలెయ్యమన్నాడు ఆయన. ఇద్దరూ కలిసి దారాలు కోశారు. తాబేలు వెనక్కి కూడా చూడకుండా బుడుంగున మునిగిపోయింది.

"ఇంటికి తీసుకపోదామనుకున్నవా కాకా?" అన్నాడు ఎల్లేష్.

"మీ చిన్నమ్మ తానాల అర్రకు తాళం ఏసింది" అన్నాడు మారయ్య, తెడ్డు అందుకుంటూ.