బావగారి పేరు

మడకాయలు దంచితే చేతులు మంటెత్తుతాయి. మడచెట్ల కాయలు కోసి, ఉడకబెట్టి, తొక్క తీసి, దంచి, చేదు పోయేదాకా నీళ్ళు మారుస్తూ నానబెడితే ఇంటిల్లిపాదికీ ఒక పూట గడుస్తుంది. యుద్ధం మొదలై పిండి తెచ్చే ఓడలు ఆగిపోయాక దోర్కా పని ఇదే. దానికి తోడు తోట, బావి, పిల్లలు, అత్తమామలు.

దీవిలో వయసున్న మగాళ్ళంతా పటాలంలో చేరారు. ఆస్ట్రేలియాకీ శత్రువుకీ మధ్య జలసంధిలో కాపలా కాస్తున్నది వాళ్ళే. ఖాకీ బట్టల్లో వాళ్ళు పడవెక్కిన రోజున అందరిలాగే దోర్కా కూడా గర్వంగా ఏడ్చింది. భర్త ఎనోసా భుజం తట్టి, "నీకేం భయం, ఇంట్లోనే ఉంటావుగా!" అన్నాడు. ఆ మాట ఆమెలో ముల్లులా దిగబడిపోయింది. బాంబులు పడ్డ రోజు పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి పరిగెత్తింది ఏ ఇంటినుంచి? ఎండలో బావి తవ్వింది ఎవరు? అడగాలనుకుంది. అడగలేదు.

మామగారిని అసలే అడగకూడదు. మామగారితోనూ, భర్త అన్నతోనూ కోడలు నేరుగా మాట్లాడదు. వాళ్ళ పేర్లు నోట పలకదు. ఎదురైతే వాళ్ళు కూడా మర్యాదగా మొహం తిప్పుకుంటారు. ఒకే గదిలో కూర్చుని, "దానికి చెప్పు, చేప మాడ్చిందని," అంటాడు మామగారు. చెవులారా విన్న మాటనే అత్త మళ్ళీ చెబుతుంది.

ఆ ఉదయం దోర్కా రోకలి ఎత్తింది ఎత్తినట్టే ఆగిపోయింది. పగడపు దిబ్బల మధ్య కాలువలో ఏదో నల్లగా తేలుతోంది. గుండ్రటి ఇనుప గుండు. ఒంటినిండా కొమ్ములు.

"అత్తా! మైను! తగిలితే పేలిపోతుంది! పటాలం పడవ వచ్చే దారిలోనే ఉంది!"

మామగారు నోట్లో చుట్ట తీయకుండానే, "తాబేలును చూసి హడలిపోయిందని చెప్పు. ఆడదాన్ని పడవ ముట్టుకోవద్దని కూడా చెప్పు," అన్నాడు.

సెలవు మీద వస్తున్న కుర్రాళ్ళతో పడవ అప్పటికే మలుపు తిరిగింది. ఇంజను దగ్గర ఎనోసా ఉంటాడు.

దోర్కా చిన్న పడవను నీళ్ళలోకి తోసి తెడ్లు అందుకుంది. ఆటు నీరు లాగేస్తోంది. గుండు పటాలం పడవకు ఎదురుగా కొట్టుకుపోతోంది.

"ఆగండి! ఆగండి!"

పడవలోవాళ్ళు టోపీలు ఊపారు. పడవ వస్తే ఆడవాళ్ళు కేకలు వేయడం కొత్తేం కాదు.

"ఎనోసా!"

"ఒరేయ్, నీ పెళ్ళాం ఒడ్డుదాకా కూడా ఆగలేకపోతోందిరా!" ఎవరో అరిచారు. అంతా గొల్లుమన్నారు.

పడవ మొన మీద తుపాకీతో దారి చూస్తున్నవాడు మాత్రం నవ్వలేదు. అతను బావగారు. తమ్ముడి భార్యను చూడగానే, పెద్దలు నేర్పిన మర్యాద ప్రకారం, మొహం అటు తిప్పుకున్నాడు. పడవకు కళ్ళు పోయాయి.

గుండుకూ పడవకూ మధ్య ఇక ఈటె విసిరినంత దూరమే మిగిలింది.

"మారేకో!"

నవ్వులు తెగిపోయాయి. కోడలు బావగారిని పేరు పెట్టి పిలిచింది! మారేకో చెంపదెబ్బ తిన్నట్టు గిర్రున తిరిగాడు. ఆమె చాచిన చెయ్యి చూశాడు. చెయ్యి చూపిస్తున్నదీ చూశాడు.

"వెనక్కి! ఇంజను వెనక్కి!"

దూరం జరిగాక గుండు మీదికి తుపాకులు పేలాయి. సముద్రం కొండలా లేచి విరిగిపడింది. తడిసి ముద్దయిన దోర్కా తన పడవలోని నీళ్ళు తోడిపోస్తోంది. పెద్ద పడవ పై నుంచి ఎనోసా చూస్తున్నాడు.

సాయంత్రం చర్చి ముందు ఊరంతా చేరింది.

"పేరు పలికినందుకు చాపా, అరటి గెలా ఇచ్చి తప్పు కట్టమని దానికి చెప్పు," అన్నాడు మామగారు.

మారేకో ఆమె వైపు వీపు పెట్టే నిలబడ్డాడు. "అమ్మా, నాకేమీ వద్దని చెప్పు. ఆ కేక వల్లే బతికున్నాను, అది చాలు."

"వద్దనడానికి నువ్వెవడివిరా? ఇంటి పరువు పోయింది!" మామగారు భార్య వైపు తిరిగాడు. "అడుగు దాన్ని, ఎప్పుడు కడుతుందో!"

అత్త దోర్కా వైపు తిరిగింది, జవాబు మోసుకెళ్ళడానికి సిద్ధంగా. ఒక్క చాప. అల్లితే రేపటికల్లా గొడవ తీరిపోతుంది, మళ్ళీ మంచి కోడలైపోతుంది. ఇన్నేళ్ళూ అన్నీ అలాగే తీరాయి, ఆమె చేతులతో. పక్కనే ఎనోసా గొంతు తగ్గించి, "కట్టెయ్యవే, పోయేదేముంది," అన్నాడు.

దోర్కా అత్తను పక్కకు జరిపింది. మామగారి కళ్ళలోకి సూటిగా చూసింది.

"మామయ్యా, ఆ పేరు ఇవాళ నేను పలక్కపోతే, రేపు దాన్ని మీరు సమాధి రాయి మీద చెక్కించేవారు. నేను తప్పు కట్టను."