మర తిప్పే ఊచ

గ్లెనిస్ హావర్డ్ తుపాకీ పెట్టెను బల్ల మీద పెట్టి స్టూలు లాక్కుని కూర్చుంది.

"రేపు లైసెన్సు తనిఖీకి పోలీసాయన వస్తున్నాడు. ఓసారి చూసిపెట్టు."

బ్రెకన్ ఊళ్లో తుపాకులు బాగుచేసే ఎమ్రిస్ ప్రోబర్ట్ పెట్టె తెరిచాడు. ఒక గుంటలో రివాల్వర్ ఉంది. పిడి వెనక ఉండాల్సిన ఇనుప ఊచ పక్క గుంటలో ఉంది. పొట్టి పిస్టళ్లను నిషేధించాక తుపాకీ కాల్చే క్లబ్బులో వాళ్లంతా గొట్టం పొడుగుది వేయించుకుని, వెనక ఊచ పెట్టించుకుని చట్టం అడిగిన నిడివి తెచ్చుకున్నారు.

"ఊచ విడిగా ఉందేమిటక్కా?"

"లేకపోతే పెట్టెలో పడుతుందా? టేపు పెట్టి చూసుకో. అరవై సెంటీమీటర్లకి వెంట్రుకవాసి తగ్గదు. మా ఇద్వల్ చేసిన పని."

ఇద్వల్ ఆమె భర్త. పోయిన చలికాలం పోయాడు.

ఎమ్రిస్ ఊచను పిడి వెనక మరలో బిగించి, వెనక్కి తిప్పాడు. చేత్తోనే ఊడొచ్చింది.

"ఊడొచ్చేదాన్ని చట్టం కొలతలో కలపదు. ఇది పొట్టి పిస్టలే. పోలీసాయన చూస్తే తీసుకుపోతాడు. నిన్ను కూడా."

"నన్నా? నా మోకాళ్ల గోల వినలేక దార్లోనే దింపేస్తారు."

అతను నవ్వలేదు. "కాల్చేటప్పుడన్నా బిగిస్తున్నావా?"

"నలుగురూ ఉంటే బిగిస్తాను." ఆమె ముంజేయి రుద్దుకుంది. "ఇక్కడ నొక్కుకుంటుంది. అందుకే ఊడేలా మర పెట్టాడు, పిచ్చి మనిషి."

ఇలాంటివి వినీ వినీ ఎమ్రిస్‌కి కోపం రావడం మానేసింది.

"ఊచని వెల్డింగ్ చేస్తే తుపాకీ నీ దగ్గరే ఉంటుంది. ఊచ ఇక ఊడదు. నొక్కుకుంటుంది."

"చెయ్యి."

పని పూర్తయి ఇనుము చల్లారాక ఆమె ఖాళీ రివాల్వర్‌ను గోడమీది క్యాలెండరుకు గురిపెట్టింది. ఊచ ముంజేతి వెంట ఆనింది. బరువుకి చెయ్యి కాసేపట్లోనే దిగిపోయింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ దిగింది.

"క్లబ్బులో నవ్వుతారు."

"వాళ్ల తుపాకులకీ ఇదే ఊచ కదక్కా."

"వాళ్ల చేతులు నావి కావుగా."

ఎమ్రిస్ దాన్ని పొడుగాటి రైఫిల్ సంచిలో పెట్టి ఇచ్చాడు. ఆమె ఖాళీ పెట్టెను అతని వైపు తోసింది.

"ఉంచుకో. నట్లు వేసుకో."

తలుపుదాకా వెళ్లి ఆగింది. తిరిగొచ్చి, ఇద్వల్ ఊచ ఉండే గుంటను ఓసారి తడిమి, పెట్టెను చంకలో పెట్టుకుంది.

"వద్దులే. కేకులు పెట్టుకుంటాను."