మోరీలో నల్ల కవర్లు

మాది మెడలో లింగం కట్టుకునే ఇల్లు. గుడ్డు అనే మాట చెవిన పడితే నా భార్య కాశమ్మ నోరు పుక్కిలించి వస్తుంది. అలాంటి ఇంట్లో ఉంటూ నాకు మటన్ వేపుడు మీద మనసు పడింది. తప్పంతా నాలుకదే అని చాలా ఏళ్లు సర్దిచెప్పుకున్నాను. నాలుకకు కాళ్లు లేవు, హోటలు దాకా నడిచింది నేనే.

నారాయణఖేడ్ బజారులో నాది కిరాణా దుకాణం. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు బస్టాండు దగ్గర జహీరుద్దీన్ హోటలుకు వెళ్లి వేపుడు కట్టించుకుని, దుకాణం వెనక గదిలో తలుపేసుకుని తినేవాణ్ని. అతను మోదుగాకులో పెట్టి, పైన పాత పేపరు చుట్టి, దారం కట్టి ఇచ్చేవాడు. ఆకు పొట్లానికి రహస్యం దాచడం చేతకాదు. నాలుగడుగులు వేసేలోపే నూనె పేపరు మీదికి వచ్చేది, కుక్కలు వెంటపడేవి. తిన్నాక మాత్రం బెంగ లేదు. ఎముకలు కుక్కలకు, ఆకూ పేపరూ వెనక మా గల్లీ మురుగు మోరీలోకి. నాలుగు రోజుల్లో నాని కుళ్లి ఆనవాలు లేకుండా పోయేవి.

తొంభై మూడులో బీదర్ నుంచి నల్ల ప్లాస్టిక్ కవర్లు రావడం మొదలైంది. మా బజారుకు వాటిని మొదట తెచ్చింది నేనే. పప్పులకు, చక్కెరకు అని అందరికీ చెప్పాను. మొదటి కవరు మాత్రం జహీరుద్దీన్ దగ్గరికే వెళ్లింది.

"ఏంది శంకరప్పా, ఆకు మంచిగ లేదా?" అన్నాడు.

"నీకెందుకు, కట్టు."

నూనె కారలేదు. వాసన రాలేదు. లోపల ఏముందో దేవుడికి కూడా కనిపించదు. తిన్నాక ఎముకలు అందులోనే వేసి, ముడి బిగించి మోరీలో పడేసేవాణ్ని. ఆకు కుళ్లుతుంది, పేపరు కరుగుతుంది, మరి ఇదేమవుతుందని ఒక్కరోజూ అనుకోలేదు. నా కళ్ల ముందు నుంచి పోతే చాలు.

రెండేళ్లు గడిచాయి. శ్రావణమాసంలో ఒక రోజు తెల్లవారేసరికి గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. పెద్దమనిషి దేవప్ప ఇంట్లో దేవుడి గదిలోకి మోరీ నీళ్లు వచ్చాయి. నలుగురూ గడ్డపారలు తెచ్చి రబియా బీ గుమ్మం ముందున్న మోరీ బండ ఎత్తారు. కుట్టు మిషన్ మీద బతికే ఆమె దేవప్ప ఇంట్లోనే కిరాయికి ఉంటుంది. బండ కింద గంపలకొద్దీ నల్ల కవర్లు ఇరుక్కుని ఉన్నాయి. ఒకటి చించితే ఎముకలు రాలాయి.

"గీ గల్లీల ఇది తినేటోళ్లు ఇంకెవలున్నరు?" అన్నాడు దేవప్ప.

"మా ఇంట్ల కవర్ ఏడిది కాకా? కూరకు నేను గిన్నె పట్టుకపోత," అంది రబియా బీ.

"శ్రావణంల దేవునింట్లకు ఎంగిలి తెచ్చినవ్. పున్నం లోపట ఇల్లు ఖాళీ చెయ్."

నేను అక్కడే ఉన్నాను. నోరు పెగలలేదని చెప్పుకోగలిగితే కాస్త మర్యాదగా ఉండేది. కానీ పెగిలింది. "జర చూసి పారేయాలె రబియా," అన్నాను. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ నా ముఖాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

కవర్లన్నీ ఆమే చేత్తో ఏరి గంపకెత్తింది.

మర్నాడు డబ్బా పట్టుకుని చక్కెర కోసం దుకాణానికి వచ్చింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇగ నుంచి ఆకులనే కట్టించుకో అన్నా. ఆకైతే మోరీ జామ్ గాదు," అంది.

నా చేతిలో తక్కెడ ఆగిపోయింది. "నీకు తెలుసా?"

"మా కిటికీ మీ దుకాణం ఎనుకకే ఉన్నది. రెండేండ్ల సంది చూస్తున్న."

"మరి నిన్న ఎందుకు చెప్పలే?"

"నేను చెప్తే నమ్ముతరా అన్నా?"

చక్కెర తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే దేవప్ప ఇంటికి వెళ్లాను. "కాకా, ఆ కవర్లు నావి. తిన్నది నేను," అన్నాను.

దేవప్ప నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "మెడల లింగం పెట్టుకోని గివేం మాటలు? ఆడిమనిషి ఆగమైతదని గింత నింద నెత్తికెత్తుకుంటవా? నీది దొడ్డ మనసు శంకరప్పా. పో, నీ మొఖం చూసి ఉండనిస్త."

లింగం పట్టుకుని ఒట్టు వేస్తే నమ్మేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. చెయ్యి మెడ దాకా పోలేదు. దండం పెట్టి ఇంటికి వచ్చాను.

తెల్లారేసరికి గల్లీ అంతా నా దొడ్డ మనసు గురించే మాట్లాడుకుంది. తన మొగుడు దేవుడని కాశమ్మ కళ్లొత్తుకుంది. పంపు దగ్గర పదిమంది ఉండగా దేవప్ప రబియా బీని పిలిచి, "శంకరప్ప పుణ్యాన ఉంటున్నవ్. సలాం చెయ్," అన్నాడు.

ఆమె బిందె కింద పెట్టింది. నా ముఖంలోకి సూటిగా చూస్తూ సలాం చేసింది. అందరూ చూస్తుండగా నేను చెయ్యెత్తి ఆ సలాం అందుకున్నాను.