లావు తీగలు

తేమ కావచ్చు, ఈ చలికాలం సముద్రం మీది గాలి మరీ తడిగా ఉంది, లేదా ఆవిడ పొయ్యి పక్కన పెట్టి ఉంటుంది, జనం వాయిద్యాన్ని ఎక్కడ పడితే అక్కడ పెడతారు, అనుకుంటూ వాయిద్యాల వర్తకుడు కతెల్లో మాండొలిన్‌ను అంగడి కిటికీ వెలుగులోకి తిప్పాడు, తీగలను మోసే గుర్రం కింద పైపలక అరచేయంత మేర పల్లమైపోయింది, పక్కనే పగులు, వెనక బుర్ర మాత్రం వందేళ్ళు దాటినా నిగనిగలాడుతూనే ఉంది, ఎదురుగా కుర్చీలో దొన్నా అసుంతా, తాతగారి మాండొలిన్‌ను శాలువాలో చుట్టి తెచ్చిన మనిషి, ఇదెలా కుంగింది దొన్ కతే, తీగలు మీరు వేసినవే కదా, అంది, ఆ గొంతులో కోపం లేదు, కోపంగా వచ్చినవాడితో బేరమాడవచ్చు, నాపోలిలో నలభై ఏళ్ళు వాయిద్యాలు అమ్మి నేర్చినది అదే, నమ్మి వచ్చినవాళ్ళతో ఆడటానికి బేరమేమీ ఉండదు.

తీగలే, ఇంకేం, అని గోడకు చేరగిలి కాఫీ తాగుతున్న అన్యెల్లో అందుకున్నాడు, ముప్పై ఏళ్ళుగా ప్రతి శనివారం పొద్దున్నే వచ్చి కూర్చుని వాయించేవాడు, వెక్కిరించేవాడు, ఒరేయ్ కతే, పాత బుర్రకి లావు తీగలు బిగించడమంటే ముసలి గాడిద మీద పియానో ఎక్కించడం రా, మన వీధిలో పిల్లి కూడా ఆ పని చెయ్యదు, నువ్వెలా చేశావు, సన్నవి పలకలేదురా, అన్నాడు కతెల్లో, వేసి చూశాను, దోమ మూలిగినట్టుంది, ఆవిడ చర్చిలో వాయించాలి, వెనక బెంచీలకి వినపడొద్దూ, నిజమే, ఆగస్టులో సంగతి, హెచ్చు స్వరం పలికే పై జత తీగలు మీటితే నాదం లేదు, వట్టి గాలి, మళ్ళీ బిగిస్తే మళ్ళీ గాలి, చెక్క చచ్చిపోయిందని తేల్చుకున్నాడు, దొన్నా అసుంతా నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది, పలికింది దొన్ కతే, చిన్న గంట మోగినట్టు పలికింది, నేను అన్నాను కూడా, మీరే కాదన్నారు, మీ చెవి ముందు నా చెవెంతలే అని ఊరుకున్నాను, ఇప్పుడు బాగవుతుందా, పలక మార్చవచ్చునమ్మా, మారిస్తే అది మీ తాతగారు వాయించినది కాదు, అనేసి కతెల్లో, అబద్ధమైనా ఆడి ఉండాల్సింది అనుకున్నాడు, ఆవిడ శాలువా అంచు సర్దుకుంది.

అన్యెల్లో లేచి గోడ మీది మాండొలిన్ ఒకటి దించి, వాళ్ళకు వీపు తిప్పి శ్రుతి చేసి, ఇటు తిరిగి, ఇది వినరా, అని మీటసాగాడు, వేళ్ళు పై జత మీద ఉన్నాయి, మణికట్టు తేనెటీగ రెక్కలా వణుకుతోంది, కతెల్లోకు తీగను మీటుబిళ్ళ తాకే టకటక ఒక్కటే వినిపించింది, రేకు మీద చినుకుల్లా, నాదం ఎక్కడో ఉండే ఉంటుంది, ఎప్పటిలా మెచ్చుకోలుగా కళ్ళు మూసి తెరిచాడు, శ్రుతి బంగారం రా, అన్నాడు, దొన్నా అసుంతా పచ్చి నిమ్మకాయ కొరికినట్టు ముఖం ముడుచుకుని ఉంది, అన్యెల్లో ఆపి, ఆ జతలో ఒక తీగ శ్రుతి కావాలనే దించానురా, అని మాత్రం అన్నాడు, గాడిద లేదు, పిల్లి లేదు, మాండొలిన్‌ను మేకుకు తగిలించి, చల్లారిన కాఫీ వైపు చూస్తూ నిలబడ్డాడు, అన్యెల్లో ఎగతాళి మానుకున్నాడంటే ఇక బతిమాలుకోవడానికి కూడా ఏమీ మిగలలేదు, ఎన్నాళ్ళ నుంచి ఈ చెవులకి అందడం లేదు, మూడేళ్ళా, నాలుగా, కర్కశంగా ఉందయ్యా అని తిరిగొచ్చిన వాళ్ళను చెవి లేనివాళ్ళని నవ్వి పంపింది ఎప్పటి నుంచి, అప్పటి నుంచీ సన్న తీగలేవీ పలకలేదు, అప్పటి నుంచీ చేతికొచ్చిన ప్రతి పాత మాండొలిన్‌కీ లావువే బిగించాడు, ఎవరెవరికో గుర్తు లేదు, బిగించిన చేతికి మాత్రం గుర్తుంది, ఎవరూ ముట్టుకోకపోయినా అవి ఆ ఇళ్ళలో అల్మారాల మీద, మంచాల కింద, ఈ పూట కూడా వెంట్రుకవాసి చొప్పున లోపలికి కుంగుతూనే ఉన్నాయి.