తేదీ బాగానే ఉన్న డబ్బా

ఉప్పు కూడా పాడవుతుందని మా మరదలు కనిపెట్టింది. నేను కళ్ళు చూపించుకుని ఇంటికి వచ్చేసరికి పెరట్లో చెత్త సంచులు బారులు తీరి ఉన్నాయి. ఒకదాని మూతి విప్పి చూశాను. బియ్యం, గోధుమపిండి, పంచదార, ఎండు చిక్కుడు గింజలు అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. అన్నిటి మీదా ఉప్పు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వానలు ముదిరితే మా వీధి చివరి వంతెన మునిగిపోతుంది. ఇక లారీ రాదు, దుకాణాల్లో ఖాళీ అరలే మిగులుతాయి. అందుకే వంటింటి పక్క గదిలో సరుకు నిలవ చేస్తాను. ఆ గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. పెళ్ళీ పెటాకులూ లేకుండా తమ్ముడి పంచన ఉంటున్నదాన్ని, ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ గది ఒక్కటే. ఆ రోజు నూనె డబ్బాలు దింపడానికి మనిషి వస్తాడని తాళంచెవి మరదలి చేతికిచ్చి వెళ్ళాను. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

“ఏం చేశావమ్మాయ్ ఇది?”

“సర్దాను వదినా. సీసాలన్నిటి మీదా మీరే తేదీలు అంటించారుగా, అన్నీ దాటిపోయాయి. డేటు దాటినవి ఇంట్లో ఎలా ఉంచుకుంటాం?” అంది నిమ్మకు నీరెత్తినట్టు.

మరదలు మందుల షాపులో పనిచేస్తుంది. అక్కడ సీసా మీద తేదీ ఉంటే, ఆ రోజు దాటాక దాన్ని పక్కన పడేయాలని అర్థం. నేను ఆసుపత్రి క్యాంటీన్ వంటింట్లో అరిగిపోయినదాన్ని. అక్కడ సీసాకి టేపు అంటించి తేదీ రాస్తే అది నింపిన రోజు. పాతది ముందు వాడాలి, కొత్తది వెనక పెట్టాలి, అందుకే ఆ టేపు. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో తింటూ ఈ చిన్న సంగతి తెలియలేదంటే, ఈ మహాతల్లి ఆ గదిలోకి పనికోసం ఏనాడూ రాలేదన్నమాట.

“అది నేను నింపిన తేదీ, తల్లీ!”

“అలాగని ఎక్కడ రాశారు?”

“ఎక్కడా రాయక్కర్లేదు. నాకు తెలుసు.”

“మీకొక్కరికి తెలిస్తే చాలా? తినేది మేమూ కదా!”

నేను గొంతు పెంచాను. “ఉప్పు పాడవుతుందటే? పంచదార పాడవుతుందా? ప్యాకెట్ మీద బెస్ట్ బిఫోర్ అంటే అప్పటిదాకా రుచి తగ్గదని. ఎక్స్‌పైరీ అంటే ఆ తర్వాత ముట్టుకోవద్దని. రెండూ ఒకటి కాదు.”

“ఇలా మాట్లాడితే మా ఓనరు ఉద్యోగం పీకేస్తాడు.”

“అయితే మీ ఓనర్నే వచ్చి ఉప్పుకి ఇంజెక్షన్ చెయ్యమను!”

ఆమె వెంటనే మా తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు సిటీ బస్సు నడుపుతాడు. డిపోలో ఉన్నట్టున్నాడు, వెనక హారన్ల మోత. “సాయంత్రం వచ్చి తేలుస్తాను. ఇకనుంచి ఆ తాళంచెవి ఎవరో ఒక్కరి దగ్గరే ఉంటుంది. రెండోవాళ్ళు ఆ గది గడప తొక్కడానికి వీల్లేదు. మీ గోల పడలేక చస్తున్నాను,” అని పెట్టేశాడు.

వాడు కళ్ళారా చూడాలని సంచుల్ని అలాగే వదిలేశాను. పంచదారలో ఉప్పు కలిపిన మనిషికి తాళంచెవి ఎవడిస్తాడు? గెలుపు నాదే అనుకున్నాను.

సాయంత్రం మరదలు వంట మొదలుపెట్టింది. తను కొత్తగా కొనుక్కొచ్చిన పచ్చిబఠాణీల రేకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. డబ్బా కుదురుగా నిలవకుండా అటూ ఇటూ ఊగింది.

“ఆ డబ్బా ఇలా ఇవ్వు. అడుగు ఉబ్బింది.”

ఆమె డబ్బా తిప్పి చూసింది. అడుగు కాదు, తేదీ. “వచ్చే ఏడాది దాకా ఉంది.”

“తేదీ కాదే, డబ్బాని చూడు! లోపల కుళ్ళి గాలి పుట్టింది. అది తింటే ప్రాణాలు పోతాయి.”

“నేను కొన్నది కదా, మీకు విషంలాగే కనిపిస్తుంది.”

నిజం చెప్పొద్దూ, తిని చావనీ అనే అనిపించింది ఒక్క క్షణం. పాపిష్ఠి మనసు. కానీ ఆ పూట కంచం ముందు కూర్చునేది ఆమె ఒక్కతే కాదు. ఆమె మూత తీసే కత్తి అందుకోగానే ఎగిరి డబ్బా పట్టుకున్నాను. ఆమె వదల్లేదు. ఇద్దరం గుంజుకున్నాం. కత్తి జారి ఆమె అరచేయి చీరుకుంది. ఆమె పెట్టిన కేకకి తలతిప్పితే, గుమ్మంలో యూనిఫాంతో తమ్ముడు.

“అక్కా! నీకేమైనా మతి పోయిందా?” పెళ్ళాం చేతిని కుళాయి కింద పెట్టాడు.

“ముందు ఈ డబ్బా అడుగు నొక్కి చూడరా.”

వాడు కూడా ముందు తేదీయే చదివాడు. “బాగానే ఉందిగా.” తర్వాత నొక్కాడు. టక్‌మంది. “డబ్బా అన్నాక చప్పుడు కాదా?”

“ఒరేయ్, నా మాట విను...”

“ఎన్నని వినను? ఆమె తెచ్చిన బియ్యంలో రాళ్ళన్నావు. నూనె కల్తీ అన్నావు. ఆఖరికి సబ్బు కంపన్నావు. ఇన్నేళ్ళలో ఆమె తెచ్చినదాన్ని ఒక్కదాన్నైనా బాగుందన్నావా?”

సబ్బు నిజంగానే కంపు.

“తాళంచెవి ఇచ్చెయ్.”

తీసి బల్ల మీద పెట్టాను. మరదలు దెబ్బ తగలని చేత్తో దాన్ని తీసుకుంది.

“ఆ డబ్బా కూడా ఇవ్వు. వంట కానీ,” అంటూ తమ్ముడు దాన్ని పట్టుకున్నాడు.

“నన్ను చంపినా ఇవ్వను.” డబ్బాని పొట్టకి అదుముకున్నాను.

“వదలక్కా. ఇరుగూ పొరుగూ వింటే నవ్విపోతారు.”

మరదలు చేతికి గుడ్డ చుట్టుకుంటూ నవ్వింది. “పోనీలెండి, ఆవిడనే తిననివ్వండి. ఆ బఠాణీల కోసమే కదా ఇంత రాద్ధాంతం. పాపం, నోరు ఊరినట్టుంది.”

నాకు తల కొట్టేసినట్టయింది. తమ్ముడు నా ముఖంలోకి చూశాడు. వాడి చెయ్యి ఇంకా డబ్బా మీదే ఉంది.

“అవును, నాకే కావాలి,” అని అబద్ధమాడాను. “ఒక్కదాన్నే తింటాను.”

అప్పుడు వదిలేశాడు.