పక్క బల్ల మీద కన్ను

“ఈ ఫొటోలో అమ్మాయి మీ ఆఫీసులోదేగా? దొంగ పాస్‌పోర్టు పట్టుకుందట. ఎంత చురుకో చూడండి!” అంటూ భార్య పేపరు తెచ్చి పళ్ళెం పక్కన పెట్టింది.

పెద్దాయన చూడలేదు. ఆయనకు చూడాల్సిన పనీ లేదు. ఆ అమ్మాయి ప్రశంసాపత్రం ఆఫీసు గోడకెక్కిన వారం నుంచీ ఆయన కళ్ళలో నిప్పులు పోసుకుంటూనే ఉన్నాడు.

పాఠకులారా, ఈయన చెడ్డవాడని తొందరపడి అనుకోకండి. ఓడరేవులో సరిహద్దు పోలీసుగా ఇరవై రెండేళ్ళు చేశాడు. ఒక్క మచ్చ లేదు, ఒక్క మెచ్చుకోలూ లేదు. విదేశీ ఓడలో వచ్చిన ఏ నావికుడైనా రేవు గేటు దాటి ఊళ్ళోకి వెళ్ళాలంటే ఈయన పాసు ఇవ్వాలి. పక్క బల్ల దగ్గర ఆ అమ్మాయి కూడా అదే పని చేస్తుంది. చేరి రెండేళ్ళు కాలేదు, అప్పుడే పేపర్లో పడింది. కడుపు మండదా మరి?

ఆ రోజు పది గంటలకు ఒక నావికుడు ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. ఓడ ఇంజను గదిలో పని. భార్య ఈ ఊళ్ళోనే ఆసుపత్రిలో నర్సు. పాప పుట్టి మూడు నెలలు. ఇంతవరకు అతను బిడ్డను చూడలేదు.

“ఇద్దరూ గేటు బయట నిలబడి ఉన్నారు సార్. సాయంత్రం నాలుక్కి ఓడ వెళ్ళిపోతుంది” అన్నాడు, నవ్వు ఆపుకోలేక.

వేలిముద్రల యంత్రం మూడుసార్లూ ఒప్పుకోలేదు. పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. దొరికాడు! ఇక గోడ మీద తన పేరుతో రెండో కాగితం కూడా వేలాడుతుంది.

పక్క బల్ల అమ్మాయి మెల్లగా అంది. “సార్, ఇంజను పని చేసేవాళ్ళకు వేళ్ళు అరిగిపోతాయి కదా. ఫొటో సరిచూసి, కెప్టెన్ సంతకం తీసుకుని పంపించొచ్చు.”

నిజానికి ఆ నియమం ఆమెకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నేర్పింది ఈయనే. ఆమె నోరు విప్పకుండా ఉంటే తనే గుర్తుచేసుకునేవాడేమో. ఆమె చెప్పింది కాబట్టి ఇక చచ్చినా చెయ్యడు.

“నాకు పని నేర్పుతున్నావా అమ్మా? పేపర్లో ఫొటో పడితే పెద్దదానివైపోయావా?”

ఆమె ముఖం ఎర్రబడింది. తన కాగితాల్లోకి తల వంచుకుంది.

కాగితాలు పెద్దాఫీసుకు విచారణకు వెళ్ళాయి. నావికుడిని గోడవారగా బెంచీ మీద కూర్చోబెట్టారు. పన్నెండయింది. రెండయింది. అతను అరిగిన వేళ్ళను ప్యాంటుకు రుద్దుకుని, “ఇంకొక్కసారి పెట్టి చూడనా సార్?” అని అడుగుతూనే ఉన్నాడు. పెద్దాయన ఫోను వంకా, గోడ వంకా చూస్తూ కూర్చున్నాడు.

మూడున్నరకు జవాబు వచ్చింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయట. అప్పటికే ఓడ నుంచి పిలుపు వచ్చేసింది. పెద్దాయన గబగబా పాసు రాసి చేతికిచ్చాడు.

నావికుడు దాన్ని బల్ల మీదే పెట్టేశాడు. “ఇప్పుడెందుకు సార్ ఇది?” అని ఓడ వైపు పరుగెత్తాడు.

పెద్దాయన ఆ పాసును జేబులో పెట్టుకున్నాడు. లేచి గేటు దాకా నడిచాడు. ఎండలో, గోడ నీడ ఉన్న జానెడు చోటులో ఒకావిడ బిడ్డకు కొత్త గౌను సర్దుతోంది. యూనిఫాం చూడగానే ఆశగా లేచింది.

“వస్తున్నారా సార్?”

“లేదమ్మా. ఓడ వెళ్ళిపోతోంది.”

“ఆయనేం తప్పు చేశారండీ?”

అబద్ధమాడదామనుకున్నాడు. బిడ్డ ముఖం చూశాక ఆడలేకపోయాడు. “ఏ తప్పూ చెయ్యలేదు. పొద్దునే పంపించి ఉండొచ్చు. పక్క బల్ల అమ్మాయి చెప్పింది కూడా. ఆమె చెప్పిందనే నేను వినలేదు. ఆమెకు పేరొచ్చిందని ఓర్వలేకపోయాను తల్లీ.”

ఆవిడ ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. ఓడ కూత వినబడితే బిడ్డ చెవులు మూసి, అది ఆగాక అంది:

“మీ ఇద్దరిలో ఎవరు గొప్పో మీ ఆఫీసులో మీరే తేల్చుకోండి సార్. గేటు దగ్గరికొచ్చిన మనిషి బతుకు మీద మాత్రం తేల్చుకోకండి.”