ఉమ్మగిలడం

“ఉమ్మగిలడం అంటే ఏంటి?”

ముందు గదిలోంచి బెన్నీ అడిగిన ఆ ప్రశ్న ప్రత్యేకంగా ఎవరినీ ఉద్దేశించినది కాదు. అయినా వంటింట్లో అప్పుడే అన్నం గిన్నె దించి మూత పెట్టిన వినీల చేతులు, ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్లు ఆగిపోయాయి.

చర్చిలో ఆదివారం పూజ ముగిసి గంట దాటింది. గుణదల మాత కొండ కింద ఉన్న ఆ ఇంటికి, ప్రతి ఆదివారంలాగే, బెన్నీ స్నేహితుడు ఎలీషా భోజనానికి వచ్చాడు. వాళ్లిద్దరూ కలిసి ఊళ్లో ఒక ఫిలిం క్లబ్బు నడుపుతారు. నలభై మంది సభ్యులు, నెలకోసారి ఒక అద్దె హాలు, ఎవరి నంబరూ ఎవరికీ కనిపించని ఒక ఫోను గ్రూపు. ఏ దేశపు సినిమా చూడాలి, ఎందుకు చూడాలి అని ఆ గ్రూపులో చాలామంది రాస్తారు. అందరూ ఎదురుచూసేది మాత్రం శౌరయ్యగారు రాసేదాని కోసం. ఆయన్ని ఎవరూ చూడలేదు. రిటైరైన ప్రొఫెసరై ఉంటాడని బెన్నీ ఊహ.

శౌరయ్య వినీల తాతగారి పేరు. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన పోయారు. పదకొండేళ్ల కాపురంలో బెన్నీ ఎన్నడూ ఆ పేరు అడగలేదు కాబట్టి, ఆ పేరు వెనక ఆమె భద్రంగా ఉంది.

సినిమాలు ఆమె బస్సులో చూస్తుంది. ఉయ్యూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతుంది. పోను గంట, రాను గంట. మూడు గంటల సినిమా రెండు రోజులు పడుతుంది. చెరకు ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డం పడే నెలల్లో ఇంకొంచెం ముందే అయిపోతుంది. బస్సులో అందరూ విసుక్కుంటుంటే ఆమె ఒక్కతే లోపల సంతోషిస్తుంది. చూసినదాన్ని గురించి ఆలోచించడం అంట్ల దగ్గర జరుగుతుంది. రాయడం స్టాఫ్ రూములో, పరీక్ష పేపర్ల కట్ట చాటున. ఒక మనిషి ఆలోచించడానికి ఎంత చోటు కావాలన్న ప్రశ్న ఆమెను చాలాకాలం వేధించింది. సీటులో సగం చాలునని బస్సు చెప్పింది.

ఆరేళ్ల క్రితం ఆమె సినిమా మీద తన మాట నోటితోనే చెప్పబోయింది. ఇదే ముందు గదిలో, పకోడీల పళ్లెం పట్టుకుని, వాళ్లు చర్చిస్తున్న సినిమాలో ఒక్క తలుపు కూడా ఆడవాళ్లు తెరవలేదని అన్నది. “సీరియళ్లు చూసే కళ్లు, పాపం. తలుపులు లెక్కపెట్టుకుంటా కూర్చుంది” అని బెన్నీ నవ్వాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నెల క్లబ్బులో బెన్నీ చేసిన ప్రసంగం తలుపుల గురించే. చాలా బాగుందన్నారు.

నిన్న ఆమె ఒక నది సినిమా గురించి రాసింది. పడవ దాటించే స్త్రీ చివరిసారి అవతలి ఒడ్డుకు వెళ్లి ఇక తిరిగి రాదు. కెమెరా మాత్రం ఖాళీ రేవును నాలుగు నిమిషాలు అలాగే చూస్తుంటుంది. బెన్నీ ఇప్పుడు ఆ రాతనే ఎలీషాకు పైకి చదివి వినిపిస్తున్నాడు. శౌరయ్యగారిని చదివేటప్పుడు అతని గొంతు కొంచెం కిందికి దిగుతుంది. ఆ గొంతు ఆ ఇంట్లో మరెవరికీ దొరకదు.

“కథ అయిపోయాక ఈ నాలుగు నిమిషాలు దేనికని అడగవచ్చు. పొయ్యి మీద జరిగేది ఉడకడం. దించాక జరిగేది ఉమ్మగిలడం. దించేశాక మూత తీసి చూడకూడదు, నమ్మాలి.”

“ఏదో ఫ్రెంచి టెక్నిక్కేమో గురూ. తెలుగులోకి మార్చి ఉంటాడు” అన్నాడు ఎలీషా.

వసారాలో గోంగూర ఆకు దూస్తూ కూర్చున్న తెరేసమ్మ, బెన్నీ తల్లి, తలెత్తకుండానే చెప్పింది. “ఫ్రెంచీ లేదు, పాడూ లేదు. అన్నం రా. దించాక లోపల ఆవిరికి మెత్తబడుద్దే, అది. వండే ఆడోళ్ల మాట. మీకేం తెలుసుద్ది.”

ఆడోళ్ల మాట అన్న ముక్క ముందు గదిలోకి చేరింది. దాంతో అక్కడ ఏం తయారవుతోందో వినీలకు తెలుసు. గట్టు అంచు పట్టుకుని నిలబడింది.

“అంటే, రాసింది ఆడమనిషా?” అన్నాడు బెన్నీ.

తర్వాత అతను పాత రాతలన్నీ వెనక్కి జరుపుకుంటూ వెళ్లాడు. ఇప్పుడు వాటిల్లో అతనికి వేరే సంగతులు కనిపించాయి. సెంటిమెంటు ఎక్కువట. ఏ దేశం సినిమా అయినా గిన్నెలు, కిటికీలు, ఎవరు ఎవరికి వడ్డించారన్నదేనట. మొన్న క్లబ్బులో దాన్నే గొప్ప చూపు అన్నావు కదరా అని ఎలీషా గుర్తు చేస్తే, “అప్పుడు వేరు” అన్నాడు. ఒక్కో వాక్యాన్ని అతను పట్టి చూస్తుంటే, ఆమెకు తన బీరువాను ఎవరో తెరిచి, మడతపెట్టిన బట్టలు ఒక్కొక్కటీ దులుపుతున్నట్లు ఉంది. ఎక్కడో ఒకచోట, మొక్కుబడి కొవ్వొత్తులు సగం కాలకముందే తీసి పక్కన పడేస్తారని ఆమె రాసింది. అది అతనికి దొరికింది.

“ఇది మన కొండ సంగతే. ఎవరో మన చుట్టుపక్కల ఆవిడే. అందుకే వచ్చే నెల మీటింగుకి వచ్చి మాట్లాడమంటే జవాబు లేదు. మొగుడికి చెప్పకుండా రాసుద్దేమో. వినీలా, మీ చర్చి ఆడోళ్ల మరియదళంలో ఇట్టాంటి సినిమాలు చూసేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?”

“నాకు తెలియదండీ.”

ఆ రెండు మాటలు తన గొంతులోంచి ఎంత సహజంగా వచ్చాయో విని ఆమె మరింత భయపడింది.

దేనికి భయం? ఈ ప్రశ్నను ఆమె బస్సులో ఎన్నోసార్లు వేసుకుంది. బెన్నీ చెయ్యెత్తే మనిషి కాదు. ఫోను లాక్కునే మనిషీ కాదు. తెలిసిన రోజున అతను కోప్పడకపోవచ్చు కూడా. ఆమె భుజం మీద చెయ్యి వేసి, నలభై మంది ముందు నిలబెట్టి, “మా ఆవిడే. నేనే నేర్పాను” అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ఆమె చూసే ప్రతి సినిమా అతను చూపించినదవుతుంది, ఆమెకు కలిగే ప్రతి ఆలోచన అతని ఇంట్లో పుట్టినదవుతుంది. కొట్టే చేతికి భయపడటం ఎలాగో లోకానికి తెలుసు. మెచ్చుకుని తీసేసుకునే చేతికి ఎలా భయపడాలో, ఎవరితో చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు.

తెరేసమ్మ గోంగూర చేటతో వంటింట్లోకి వచ్చింది. మూత పెట్టిన గిన్నెను చూసింది, కోడలి ముఖం చూసింది. అంత సేపు అలా చూడటం పదకొండేళ్లలో అదే మొదటిసారి. తర్వాత ముందు గదికి వినిపించేలా గొంతు పెంచింది.

“ఒరే బెన్నీ, మీ తాత, మా నాయన, కుర్రతనంలో ఉయ్యూరు ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేసేవాడు రా. ఆయనా అనేవాడు ఆ మాట. మగాడే అయ్యుంటాళ్లే.”

వినీలకు తెలుసు, తెరేసమ్మ తండ్రి చిన్నప్పటి నుంచీ చర్చిలో ప్రార్థనలు నేర్పే ఉపదేశి. జపమాల తప్ప గరిట పట్టి ఎరుగడు.

“అదీ సంగతి. నేననుకుంటానే ఉన్నా” అన్నాడు బెన్నీ. అతని గొంతులో హాయి తిరిగొచ్చింది. దులిపిన వాక్యాలనే మళ్లీ చదివాడు. మళ్లీ గొంతు కిందికి దిగింది. పెద్దవయసు మనిషికి తప్ప ఇంత నిదానం రాదని ఎలీషాతో అన్నాడు.

ప్రమాదం దాటిపోయింది. వినీల అత్తగారి వైపు తిరిగి, కృతజ్ఞత లాంటిదేదో చెప్పబోయింది.

తెరేసమ్మ చేటలోని ఆకును సర్దుతూ, చాలా చిన్నగా అంది. “దించేశాక నమ్మాలి అనేది నా మాటేగా అమ్మాయ్. నువ్వు కొత్తగా వచ్చినప్పుడు ఊరికే మూత తీసి చూస్తుంటే నేను చెప్పింది. దానికి ఆ పెద్దాయన పేరెందుకు పెట్టావు?”

అందులో నిష్ఠూరం లేదు. అడిగింది, అంతే. కానీ వినీలకు పకోడీల పళ్లెం, ఆ నవ్వు, తలుపుల ప్రసంగం, అన్నీ ఒకేసారి ఎదుటికి వచ్చి నిలబడ్డాయి. తనకు జరిగినదాన్ని ఆరేళ్లుగా లోపల మోస్తూ, ఈ వంటింట్లోనే, ఈ ముసలామెకు తాను సరిగ్గా అదే చేసింది. ఒక స్త్రీ నోటి మాట తీసుకుని ఒక మగవాడి పేరు కింద పెట్టింది. అది అందరికీ బాగుందనిపించింది.

ఫోను తీసింది. భయం పోలేదు. ఒక అక్షరం రెండుసార్లు తప్పు పడింది. గ్రూపులో ఆ మీటింగు ఆహ్వానం కింద జవాబు రాసింది. మళ్లీ చదవకుండా పంపింది.

ముందు గదిలో రెండు ఫోన్లు ఒకదాని వెనక ఒకటి మోగాయి.

“వచ్చింది, శౌరయ్యగారి జవాబు” అన్నాడు బెన్నీ. ఆ దిగిన గొంతుతోనే, ఎలీషా కోసం, పైకి చదవడం మొదలుపెట్టాడు.

“వచ్చే నెల మీటింగుకు వస్తాను. అంతకుముందు ఒక తప్పు దిద్దుకోవాలి. నిన్న రాసినదాంట్లో ఉమ్మగిలడం గురించిన మాట నాది కాదు. దాన్ని నాకు నేర్పింది మా అత్తగారు, తెరే…”

గొంతు అక్కడ ఆగింది. కుర్చీ జరిగిన చప్పుడు.

ఏం చేయాలో తోచక వినీల చెయ్యి గిన్నె మూత మీదికి వెళ్లింది. తెరేసమ్మ ఆ చేతి మీద తన చెయ్యి వేసి నొక్కి పట్టింది.

“ఉండు. ఇప్పుడే తీయకు.”